పేరున్న బడి: హైదరాబాద్‌లో ఒక సీటు వెనక ఉన్న లెక్క

మైక్రోసాఫ్ట్‌కు సత్య నాదెళ్ల, అడోబీకి శంతను నారాయణ్, ప్రపంచ బ్యాంకుకు అజయ్ బంగా సారథులయ్యారు. ముగ్గురూ బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాళ్లే. పేరున్న స్కూళ్ల మాట వస్తే ఈ మూడు పేర్లూ ఒక్క గుక్కలో చెప్పడం నగరంలో అలవాటైపోయింది. అక్కడితో ఆగిపోతే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. ఆ బడి చదువు వల్ల వీళ్లు అంతవాళ్లయ్యారా? లేక ఎలాగూ పైకి రాగల ఇళ్ల పిల్లలే ఆ గేటు దాటి లోపలికి వెళ్లగలిగారా?

నాదెళ్ల తండ్రి ఐఏఎస్ అధికారి. బంగా తండ్రి సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్. నారాయణ్ తల్లి అమెరికన్ సాహిత్యం బోధించిన అధ్యాపకురాలు. అదే బడిలో చదివిన ఇద్దరు మాజీ ముఖ్యమంత్రులు, నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి, వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి, ఇద్దరూ రాజకీయ నాయకుల కొడుకులే. దీన్నిబట్టి బడి ఏమీ నేర్పలేదని చెప్పడం అన్యాయం. కానీ గొప్ప బడి అనే పేరులో సగానికి పైగా గేటు దగ్గరే తయారవుతుందని అనుకోవడానికి హైదరాబాద్ చరిత్రలో కావలసినంత ఆధారం ఉంది.

ఈ పబ్లిక్ స్కూలు 1923లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, జాగీర్దార్స్ కాలేజీగా మొదలైంది. ఎవరి కోసమో పేరే చెబుతోంది. జాగీర్దార్లు తమ రాబడిలో కొంత భాగం దానికి కట్టేవారు, వాళ్ల కొడుకులు అందులో చదివేవారు. నమూనా ఇంగ్లండులోని పబ్లిక్ స్కూళ్లది: హౌసులు, ప్రిఫెక్టులు, పెద్ద పెద్ద మైదానాలు, గుర్రపు స్వారీ. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లే లేనప్పుడు జాగీర్దార్ల కాలేజీ ఏమిటని 1951లో దాన్ని హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మార్చారు. పేరులో పబ్లిక్ అని ఉన్నా అది అందరి బడీ కాలేదు. నవాబుల పిల్లల పక్కన ఆఫీసర్లు, సైనికాధికారులు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు, నాయకుల పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఆడపిల్లలకు సీటు దొరకడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది.

రెండో పాయ ఇంతకంటే పాతది. అది మిషనరీలది. ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834 నాటిది. గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్ 1855లో, సికింద్రాబాద్‌లో సెయింట్ ఆన్స్ 1871లో, మళ్లీ గన్‌ఫౌండ్రీలోనే రోజరీ కాన్వెంట్ 1904లో వచ్చాయి. మ్యాపులో చూస్తే ఇవన్నీ రెండే చోట్ల గుమికూడి కనిపిస్తాయి: ఒకటి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టుపక్కల, రెండోది సికింద్రాబాద్ కంటోన్మెంటు. తెల్లదొరల పిల్లలు, ఆంగ్లో ఇండియన్లు, రైల్వే ఉద్యోగుల కుటుంబాలు ఉన్నచోట ఇంగ్లిషు బడి వెలిసింది.

అప్పట్లో నిజాం రాజ్యంలో ఉద్యోగానికి కావలసింది ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన కూడా ఉర్దూలోనే. 1948 తర్వాత ఆ లెక్క తలకిందులైంది. ఉర్దూ పలుకుబడి తగ్గింది, ఇంగ్లిషు అవసరం పెరిగింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారడంతో ఉద్యోగుల కుటుంబాలు వందల సంఖ్యలో దిగాయి. వాళ్లకు పిల్లల్ని చేర్చడానికి నమ్మకమైన ఇంగ్లిషు బడి కావాలి. కాన్వెంటు సీటుకు గిరాకీ అలా పుట్టింది. లిటిల్ ఫ్లవర్, సెయింట్ పాల్స్ లాంటివి 1950ల్లో వచ్చి ఆ గిరాకీని అందుకున్నాయి. తెలుగు ఇళ్లలో ‘కాన్వెంటు చదువు’ అనే మాటకు క్రైస్తవంతో సంబంధం తెగిపోయి, ఇంగ్లిషు మీడియం బడి అన్న అర్థం స్థిరపడింది. ఇవాళ సందు చివరి బడి బోర్డు మీద ఏ సెయింటు పేరూ లేకపోయినా అది కాన్వెంటే.

1960ల్లో వ్యక్తులు పెట్టిన బడులు కొన్ని వచ్చాయి. శాంతా రామేశ్వర రావు 1961లో పెట్టిన విద్యారణ్య, అనీస్ ఖాన్ 1965లో పెట్టిన నస్ర్ వాటిలో ముఖ్యమైనవి. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల ప్రభావం ఉన్న విద్యారణ్యకు ర్యాంకులతో సంబంధం లేని పేరు వచ్చింది. ప్రొఫెసర్లు, రచయితలు, కళాకారులు పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చి చేర్పించే బడి అది. నగరంలో గౌరవం ఒక్క రకంగా ఉండదనడానికి ఈ చిన్న బడులు మంచి ఉదాహరణ. అయితే పెద్ద కథ ఇక్కడ లేదు.

పెద్ద కథ పడమటి వైపు ఉంది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. 2001లో గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ మొదలైంది. అదే ఏడాది ఓక్‌రిడ్జ్ ఇంటర్నేషనల్ స్కూలూ వచ్చింది. 1989లో చిన్నగా మొదలైన చిరెక్ కొండాపూర్‌లో పెద్ద క్యాంపస్‌గా ఎదిగింది. అంతకుముందు కొండలు, బీళ్లుగా ఉన్న ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ కంపెనీల వెనకే గేటెడ్ కమ్యూనిటీలు, వాటి వెనకే స్కూళ్లు లేచాయి. అమెరికా నుంచి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు ఈ బడులకు మొదటి ఖాతాదారులు. అక్కడ నాలుగో తరగతి దాకా చదివిన పిల్లకు ఇక్కడి స్టేట్ సిలబస్ పుస్తకం ఇస్తే బిత్తరపోతుంది. ఇష్టం లేకపోతే మళ్లీ వెనక్కి వెళ్లే దారి కూడా తెరిచి ఉండాలి. కేంబ్రిడ్జ్, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) అనే విదేశీ బోర్డులు ఆ రెండు అవసరాలనూ తీర్చాయి. జెనీవాలో 1968లో దౌత్యవేత్తల పిల్లల్ని, దేశాలు మారే ఉద్యోగుల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని మొదలైన ఐబీ విధానం, సరిగ్గా అలాంటి అవసరమే ఉన్న నల్లగండ్ల, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో సులువుగా కుదురుకుంది. ఎప్పుడూ విమానం ఎక్కని కుటుంబాలు కూడా తర్వాత అదే క్యూలో నిలబడ్డాయి. అమెరికా ప్రయాణం ఇప్పుడు కాకపోతే డిగ్రీ తర్వాతైనా ఉంటుందన్న లెక్క వాళ్లది.

పాత బడికీ కొత్త బడికీ ఫీజులో ఉన్న తేడాకు కారణం అడిగితే చాలామంది ఏసీ గదులు, స్విమ్మింగ్ పూల్, విదేశీ బోర్డు అని చెబుతారు. అవి కారణాలే, కానీ చిన్నవి. అసలు కారణం నేల. బేగంపేట నడిబొడ్డున హైదరాబాద్ పబ్లిక్ స్కూలు వందకు పైగా ఎకరాల్లో ఉంది. ఆ భూమి నిజాం కాలంలో దక్కింది. ఆబిడ్స్, సికింద్రాబాద్ మిషన్ స్కూళ్ల భూములూ అలాగే తరాల కిందట చేతికొచ్చినవి. ఈ బడుల జమాఖర్చుల్లో భూమికి కట్టాల్సిన అద్దె, వడ్డీ ఉండవు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. స్కూళ్లేమీ ఆ వేలంలో కొనలేదు, నిజమే. కానీ అలాంటి రేటు పలికే చుట్టుపక్కల ఫుట్‌బాల్ మైదానం ఉంచాలంటే దాని ఖర్చు ఎక్కడో ఒకచోట తేలాలి. ఆ తేలేది ఫీజు రసీదులో. ఒక మిషన్ స్కూల్లో పదో తరగతి దాకా అన్నేళ్లకూ కలిపి కట్టే ఫీజు, పడమటి వైపు ఇంటర్నేషనల్ స్కూల్లో ఒకటి రెండేళ్లకే అయిపోవడం అసాధారణమేమీ కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దేశంలో బడి లాభాపేక్ష లేని సంస్థగానే నడవాలి. సొసైటీ, ట్రస్టు, లేదా కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద నమోదైన కంపెనీ మాత్రమే గుర్తింపుకు దరఖాస్తు చేసుకోవాలి. మరి 2019లో నార్డ్ ఆంగ్లియా అనే అంతర్జాతీయ సంస్థ ఓక్‌రిడ్జ్ స్కూళ్లను సుమారు 1,600 కోట్ల రూపాయలకు కొన్నట్టు వార్తలు వచ్చినప్పుడు అమ్ముడైంది ఏమిటి? లాభం లేని దాన్ని అంత పెట్టి ఎవరు కొంటారు?

దేశమంతటా ఈ రంగంలో ఉన్న ఏర్పాటు తెలిస్తే జవాబు దొరుకుతుంది. బడి పేరు మీద ఉండేది సొసైటీ. భూమి, భవనం మరో కంపెనీవి. బస్సులు, భోజనం, పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, శిక్షణ, బ్రాండు పేరు, వీటికి వేరే కంపెనీ. సొసైటీ తల్లిదండ్రుల దగ్గర ఫీజు వసూలు చేసి, ఈ కంపెనీలకు అద్దె, సర్వీసు చార్జీలు కడుతుంది. సొసైటీ పుస్తకాల్లో మిగులు పెద్దగా కనిపించదు. డబ్బు పక్క కంపెనీకి సక్రమంగా, రసీదుతో సహా చేరుతుంది. కొనుగోలుదారులకు కావలసింది ఆ పక్క కంపెనీయే. ఇందులో చట్టవిరుద్ధం ఏదీ లేకపోవచ్చు. ‘మాది లాభాపేక్ష లేని సంస్థ’ అని వార్షికోత్సవ వేదిక మీద చెప్పే మాటకు ఎంత విలువివ్వాలో మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫీజులకు ముక్కుతాడు వేయాలన్న ప్రయత్నాలు లేక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ఇప్పటికీ తల్లిదండ్రుల సంఘాలు పట్టుకు తిరిగే కాగితం. వసూలైన ఫీజులో సగం టీచర్ల జీతాలకు, 15 శాతం వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివాటికి, 15 శాతం నిర్వహణకు, 15 శాతం బడి అభివృద్ధికి పోవాలి, యాజమాన్యానికి మిగిలేది 5 శాతం. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న లెక్క నిజంగా పాటిస్తున్నారా అని ఏటా తనిఖీ చేసే యంత్రాంగం లేకపోయింది. 2009, 2010ల్లో ఫీజుల నియంత్రణకు జీవోలు తెచ్చారు, యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి. తెలంగాణ వచ్చాక 2017లో ఉస్మానియా మాజీ వైస్ చాన్సలర్ తిరుపతిరావు ఆధ్వర్యంలో కమిటీ వేశారు. నివేదిక వచ్చింది, దాని వెంట చట్టం రాలేదు. 2022లో మంత్రివర్గ ఉపసంఘం, 2024లో ఆకునూరి మురళి అధ్యక్షతన విద్యా కమిషన్, ఇలా వరస సాగింది. ఆంధ్రప్రదేశ్ 2019లో నియంత్రణ కమిషన్‌కు చట్టమే చేసింది. ఆ కమిషన్ సిఫార్సుతో 2021లో ఫీజులు ఖరారు చేస్తూ ఇచ్చిన జీవోలను అదే ఏడాది చివర్లో హైకోర్టు కొట్టేసింది.

కోర్టుల దగ్గర ప్రభుత్వాలు ఓడిపోవడానికి మూలం సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులో ఇచ్చిన తీర్పు. ప్రభుత్వ సాయం తీసుకోని బడికి ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఉంది, సహేతుకమైన మిగులు ఉంచుకోవచ్చు, కాపిటేషన్ ఫీజు (సీటు ఇవ్వడానికి ఫీజుకు మించి గుంజే సొమ్ము), లాభార్జన కూడవు అన్నది దాని సారం. సహేతుకం ఎంత అన్న దగ్గరే అంతా చిక్కుకుంది. అన్ని బడులకూ ఒకే రేటు కడితే కోర్టులో నిలవదు. ఒక్కొక్క బడి లెక్కలు విడివిడిగా తేల్చాలంటే విద్యాశాఖలో అంతమంది ఆడిటర్లు లేరు. 2020 ఏప్రిల్‌లో కరోనా మధ్య తెలంగాణ ఇచ్చిన జీవో 46 మాత్రం సూటిగా ఉంది: ఆ ఏడాది ఫీజు పెంచకూడదు, ట్యూషన్ ఫీజే తీసుకోవాలి, అదీ నెలనెలా. అయితే ట్యూషన్ ఫీజు అంటే ఏమిటో ఎవరి నిర్వచనం వాళ్లది కావడంతో, అంతకుముందు పది పేర్లతో ఉన్నదంతా కొన్నిచోట్ల ట్యూషన్ ఫీజులోకి వచ్చి చేరింది.

సగం ఫీజు టీచర్లకు అన్న లెక్క ఎంత దూరం నిజమో కూడా అదే కరోనా చూపించింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. పేరున్న పెద్ద బడుల టీచర్ల పరిస్థితి ఇంత దిగజారలేదు. కానీ ఆ రంగంలో జీతాల పునాది ఎంత పలచగా ఉందో బయటపడింది.

ఇక గేటు సంగతి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 ప్రకారం పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ఎంపిక పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25 వేల దాకా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. కాపిటేషన్ ఫీజు తీసుకుంటే దానికి పదింతల దాకా. పేరున్న బడుల్లో ఇప్పుడు ఇంటర్వ్యూ అనే మాట వినిపించదు, ‘ఇంటరాక్షన్’ అంటారు. మూడున్నరేళ్ల పిల్లాడు రంగులు చెబుతాడా, కుర్చీలో కూర్చుంటాడా అని చూస్తూ, పక్కన తల్లిదండ్రుల ఉద్యోగం, చదువు, ఏ కంపెనీ, ఇల్లు ఎక్కడ అని ఫారం నింపిస్తారు. తల్లి డిగ్రీ ఏమిటో కనుక్కోవడానికి, పిల్లాడికి అక్షరాలు నేర్పడానికి ఏం సంబంధమో ఏ ప్రాస్పెక్టస్‌లోనూ రాసి ఉండదు. ఇంట్లో టెన్షన్ అంతా ఆ పావుగంట గురించే. పాత బడుల్లో సిబ్లింగ్ కోటా (అక్కడే చదువుతున్న పిల్లల తోబుట్టువులకు), పూర్వ విద్యార్థుల పిల్లలకు ప్రాధాన్యం ఉంటే, మిగిలే సీట్లు ఇంకా తగ్గుతాయి. మంత్రి పేషీ నుంచి వచ్చే రికమండేషన్ లెటర్ల కథ హైదరాబాద్‌లో అందరికీ తెలిసిందే.

అదే చట్టం సెక్షన్ 12(1)(సి) ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలంటుంది. తెలంగాణలో ఇది ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు. అమలైనా ఒక పెద్ద మినహాయింపు ఉంటుంది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని చెప్పింది. అంటే పాత కాన్వెంట్లలో చాలా భాగం దీని పరిధిలోకి రావు. ఇవే బడులు పాత ఫీజుల పద్ధతి వల్ల మధ్యతరగతికి కొంత అందుబాటులో ఉండటం, కొత్త బడుల కంటే కలగలుపు పిల్లలతో కనిపించడం చరిత్ర చేసిన తమాషా.

గేటు పక్కనుంచి ఒక చిన్న దారి లేకపోలేదు. ‘బెస్ట్ అవైలబుల్ స్కూల్స్’ పథకం కింద ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని ఎంపిక చేసిన ప్రైవేటు బడుల్లో ప్రభుత్వ ఖర్చుతో చదివిస్తారు. హైదరాబాద్ పబ్లిక్ స్కూలు ఒకటో తరగతిలో గిరిజన పిల్లలకు కేటాయించిన కొద్ది సీట్లకు జిల్లాల్లో లాటరీ తీస్తారు. కలెక్టరేట్‌లో చీటీ తీస్తే ఆదిలాబాద్ జిల్లా తండా పిల్లాడు జాగీర్దార్ల బడిలో అడుగుపెడతాడు. ఆలోచన మంచిదే, అంకె చాలా చిన్నది. 2025లో ప్రభుత్వం బకాయిలు కట్టలేదని ఈ పథకంలోని కొన్ని బడులు పిల్లల్ని రానివ్వకపోవడంతో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. సీటు వచ్చినా నిలబడటం ఖజానా చేతిలో ఉంది.

మరి లోపల ఏమీ లేదా? ఉంది, తక్కువేమీ కాదు. సెక్షనుకు ముప్ఫైమంది లోపు పిల్లలు, లైబ్రరీ, ల్యాబ్, నాటకం, డిబేటు, రోజూ ఆట. అన్నిటికంటే ముఖ్యంగా, తప్పు చేసినా కొంప మునగదన్న ధీమా. పదిమంది ముందు నిలబడి మాట్లాడటం, పెద్ద పదవిలో ఉన్నవాళ్లను చూసి బెదరకపోవడం ఇలాంటి చోట్ల చాప కింద నీరులా ఒంటబడతాయి. ఉద్యోగంలో పైకి వెళ్లే కొద్దీ మార్కుల కంటే వీటి అవసరమే ఎక్కువ. క్రికెట్ మైదానం నాయకత్వం నేర్పిందని నాదెళ్ల చాలాసార్లు చెప్పారు. ఆ మాట నమ్మవచ్చు. కాకపోతే రోజూ సాయంత్రం మైదానంలో గడిపే తీరిక ఆనాడు అందరి పిల్లలకూ లేదు.

తెలుగు విషయంలో మాత్రం ఈ బడుల రికార్డు గొప్పగా లేదు. 2018లో తెలంగాణ చట్టం చేసి ఏ బోర్డు బడైనా పదో తరగతి దాకా తెలుగు చెప్పాలని నిర్ణయించాల్సి వచ్చింది. 2025లో సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఐబీ పిల్లల కోసం ‘వెన్నెల’ అనే సులువైన వాచకం వాడమని ఉత్తర్వులు ఇచ్చారు. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లకు తెలుగు రానివాళ్ల కోసం రాసిన పుస్తకం కావలసి వస్తోంది. స్టేట్ బోర్డు వైపు పరిస్థితి మెరుగని సంబరపడనక్కర్లేదు. ఇంటర్‌కు రాగానే మార్కుల కోసం సంస్కృతం తీసుకునేది ఆ పిల్లలే.

ఇంటర్ మాట వచ్చింది కాబట్టి, ఈ మొత్తం వ్యవహారంలో హైదరాబాద్‌కే ప్రత్యేకమైన మలుపు చెప్పుకోవాలి. ఢిల్లీలోనో కోల్‌కతాలోనో పేరున్న బడిలో చేరిన పిల్లాడు చాలావరకు పన్నెండో తరగతి దాకా అక్కడే ఉంటాడు. ఇక్కడ పదో తరగతి అవగానే పెద్ద గుంపు సంచులు సర్దుకుంటుంది. నెల్లూరులో 1979లో మొదలైన నారాయణ, విజయవాడలో 1986లో మొదలైన శ్రీ చైతన్య, వాటి అడుగుజాడల్లో నడిచిన ఇతర కాలేజీలు ఈ గుంపును అందుకుంటాయి. లక్షలు పోసి పదేళ్లు ఆటలు, నాటకాలు, ప్రాజెక్టులతో పెంచిన పిల్లను, మైదానం లేని నాలుగంతస్తుల భవనంలో పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టేది అదే తల్లిదండ్రులు. కొందరు ఏడో తరగతి అవగానే ‘ఫౌండేషన్’ పేరుతో మార్చేస్తారు. రెండు చదువులూ ఒకదానితో ఒకటి పొసగనివే. కానీ తల్లిదండ్రుల దృష్టిలో వైరుధ్యం లేదు. మొదటి బడి నుంచి వాళ్లు ఆశించింది ఇంగ్లిషు, నడవడిక, సావాసం. ఐఐటీ సీటు ఆ బడి పని అని వాళ్లు ఎన్నడూ అనుకోలేదు. పేరున్న బడి తరగతి గదిలో జరిగే చదువు మీద నగరానికి ఎంత నమ్మకం ఉందో కొలవాలంటే, పదో తరగతిలోనూ పదకొండులోనూ ఉన్న సెక్షన్ల సంఖ్య పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఇందులో తేడాగా ఉండేది విదేశీ డిగ్రీ ముందే నిర్ణయమైపోయిన ఇళ్లు. వాళ్ల పిల్లలు ఐబీ డిప్లొమా పూర్తి చేసి నేరుగా విమానం ఎక్కుతారు. మిగతావాళ్లను ఆపుకోవడానికి పేరున్న బడులు కూడా దారి మార్చాయి. కోచింగ్ సంస్థలతో ఒప్పందం చేసుకుని, బడి అయ్యాక అదే క్యాంపస్‌లో జేఈఈ, నీట్ క్లాసులు నడుపుతున్నాయి. క్రికెట్ నెట్స్ టైం ఆ మేరకు తగ్గింది, ఫీజు రసీదులో ఇంకో వరస చేరింది.